చేపకు చివరి మూడు నిమిషాలు: జపాన్ 'ఇకెజిమే' కథ

ఈరోజు ఎపిసోడ్ వినడానికి కొంచెం విచిత్రంగా ఉంటుంది. మనం తినే చేప ఎలా చచ్చిపోయింది అనే విషయం మాట్లాడుకుందాం. చేప తిననివాళ్లు కూడా ఉండండి, ఇందులో వంట కంటే చరిత్ర ఎక్కువ. తినేవాళ్లయితే తప్పకుండా ఉండండి, ఎందుకంటే ఆదివారం మార్కెట్‌కి వెళ్లినప్పుడు పనికొచ్చే ముక్క చివర్లో ఒకటి ఉంది.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒకే సముద్రంలో, ఒకే రోజు, ఒకే సైజు చేపలు రెండు పట్టారు. ఒకటి పడవలో కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయింది. రెండోదాన్ని పట్టిన వెంటనే ఒక్క పోటుతో చంపి, రక్తం తీసేశారు. టోక్యో మార్కెట్‌లో ఈ రెండిటికీ ఒకే రేటు పలకదు, రెండోదానికే ఎక్కువ. ఆ రెండో పద్ధతి పేరే ఇకెజిమే. 'ఇకె' అంటే ప్రాణంతో ఉన్నది, 'షిమే' అంటే ముగించడం. రెండూ కలిస్తే 'జిమే' అవుతుంది. బతికుండగా పద్ధతిగా ముగించడం అన్నమాట. మామూలుగా దానంతట అది చచ్చిన చేపకి, ఐసులో పడేస్తే చచ్చిన చేపకి వాళ్ల దగ్గర వేరే పేరుంది: నోజిమే.

చచ్చిన తీరుని బట్టి చేపకి రెండు పేర్లు పెట్టుకున్నారంటే ఆ దేశంలో చేప మీద ఎంత ఆలోచన ఖర్చయిందో చూడండి. దానికి కారణం వెతుక్కుంటూ చాలా వెనక్కి, 675వ సంవత్సరానికి వెళ్లాలి. ఆ ఏడాది తెన్ము చక్రవర్తి ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి, ఈ ఐదింటి మాంసం వ్యవసాయం జరిగే నెలల్లో తినకూడదని. దాని వెనక బౌద్ధ ప్రభావం ఉంది, పొలం పనికొచ్చే పశువుల్ని కాపాడుకునే లెక్క కూడా ఉందంటారు. ఆ లిస్టులో చేప లేదు. ఆ తర్వాత శతాబ్దాల్లో ఇలాంటి ఆంక్షలు మళ్లీ మళ్లీ వచ్చాయి. చాటుగా మాంసం తిన్నవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, కానీ పెద్ద భోజనం అంటే చేపే అయింది. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడని బయటకి చెప్పడమే ఒక వార్త అయిందంటే ఆ అలవాటు ఎంత లోతుగా పాతుకుందో ఊహించుకోండి. వెయ్యేళ్లకు పైగా ఒక దేశం తెలివంతా చేప మీద పడింది.

ఇప్పుడు 1600లకి రండి. తొకుగావా షోగన్లు ఎదో అనే ఊరిని రాజధాని చేసుకున్నారు. అదే ఇవాళ్టి టోక్యో. లక్షల జనాభా ఉన్న ఊరు, మధ్యలో కోట. కోటలో పండగ అయినా పెళ్లి అయినా 'తాయ్' అనే ఎర్రటి సముద్రపు చేప ఉండాల్సిందే. దాన్ని శుభానికి గుర్తుగా చూస్తారు. సమస్య ఏంటంటే, ఫ్రిజ్ లేదు, ఐసు ఫ్యాక్టరీ లేదు. చచ్చిన చేప ఎండాకాలంలో ఎంతసేపు ఆగుతుంది? అందుకే నిహోంబాషి వ్యాపారులు చేపని చంపకుండానే తెచ్చే దారి చూసుకున్నారు. తీరం వెంబడి సముద్రంలోనే వెదురు కంచెల్లో, బుట్టల్లో చేపల్ని బతికించి పెట్టేవాళ్లు. అడుగున నీళ్లు నిలిచే గదులున్న పడవల్లో ఊరికి తెచ్చేవాళ్లు. కోటకి తాయ్ సప్లై చేయడం వాళ్లకి వ్యాపారమూ అవును, తప్పించుకోలేని డ్యూటీ కూడా అవును.

ఇక్కడే అసలు విషయం. చేప చివరి నిమిషం దాకా బతికే ఉంది కాబట్టి, ఎప్పుడు చంపాలి, ఎలా చంపాలి అనేది మనిషి చేతిలోకి వచ్చింది. ఆ చాయిస్ లేకపోతే ఇకెజిమే లేదు.

ఈ పద్ధతి పేరు చెప్పగానే జపాన్‌లో గుర్తుకొచ్చే ఊరు అకాషి. ఒసాకాకి పడమటి వైపు, కోబే పక్కన ఉంటుంది. ఎదురుగా అవాజి దీవి, మధ్యలో ఇరుకు జలసంధి, అందులో భయంకరమైన ప్రవాహం. ఆ ప్రవాహంలో ఈదీ ఈదీ కండ పట్టిన తాయ్‌కి దేశమంతా పేరు. ఊళ్లో ఉవొనోతానా అనే చేపల బజారు సుమారు 400 ఏళ్ల నుంచి నడుస్తోంది. అకాషిలో పొద్దున పట్టిన చేపల్ని మధ్యాహ్నం బతికుండగానే వేలం వేస్తారు. అకాషి పేరుకి వచ్చిన విలువలో సగం చేపది అయితే, సగం దాన్ని చంపే చేతిది.

సరే, ఆ చెయ్యి ఏం చేస్తుంది? నాలుగు స్టెప్పులు.

ఒకటి, మెదడు. చేపని తడి గుడ్డ మీద పెట్టి, కంటికి కొంచెం వెనగ్గా, కొంచెం పైన, పదునైన మేకులాంటి పనిముట్టుతో ఒక్క పోటు. పోటు సరిగ్గా పడితే రెక్కలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి, నోరు తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఒళ్లు వదిలేస్తుంది. తగల్లేదంటే చేప కొట్టుకుంటూనే ఉంటుంది.

రెండు, రక్తం. మొప్ప ఎత్తి లోపలున్న పెద్ద రక్తనాళం కోస్తారు. తోక మొదట్లో వెన్నెముక దాకా ఒక గాటు పెడతారు. తర్వాత నీళ్లలో ఉంచుతారు. చేప మెదడు పోయినా గుండె కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది, దానికి సొంత పేస్‌మేకర్ ఉంది కాబట్టి. ఆ గుండే రక్తాన్ని బయటకి పంపు చేస్తుంది. అందుకే వరుస ముఖ్యం. ముందు మెదడు, తర్వాత మొప్ప. తిరగేస్తే రక్తం పోతుంది కానీ, అది పోతున్నంతసేపూ చేపకి తెలుస్తూనే ఉంటుంది.

మూడు, వెన్నుపాము. వెన్నెముక మీద ఉండే సన్నటి కాలువలోకి స్టీలు తీగ దూర్చి వెన్నుపాముని చెడగొడతారు. దీన్ని షింకేజిమే అంటారు. 'షింకే' అంటే నరం.

నాలుగు, చల్లదనం. ఐసు కలిపిన నీళ్లలో పెట్టి ఒంటి వేడి దింపుతారు.

మూడో స్టెప్ ఎందుకు, మెదడు పోయాక చేప చచ్చినట్టే కదా అని నాకూ డౌట్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే, స్క్రీన్ ఆఫ్ చేశాం, కానీ బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడుస్తున్నాయి. మెదడు లేకపోయినా వెన్నుపాము కండరాలకి సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. కండ సన్నగా అదురుతుంటుంది. అదిరిన ప్రతిసారీ బ్యాటరీ తగ్గుతుంది. ఆ తీగ చేసే పని బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ అన్నీ మూసేయడం.

ఆ బ్యాటరీ పేరు ఏటీపీ. ఇంటర్ బయాలజీలో చదివే ఉంటారు. ప్రాణం పోయాక కొత్త ఏటీపీ తయారవడం ఆగిపోతుంది, ఉన్నది ఖర్చయిపోతూ వస్తుంది. అది అయిపోయినప్పుడు కండ బిగుసుకుంటుంది. బతికుండగా బాగా కొట్టుకున్న చేపలో అప్పటికే బ్యాటరీ ఖాళీ, పైగా లాక్టిక్ యాసిడ్ పేరుకుని ఉంటుంది. అందుకే త్వరగా బిగుసుకుంటుంది, త్వరగా మెత్తబడుతుంది. కొట్టుకోకుండా పోయిన చేపలో బ్యాటరీ నిండుగా ఉంటుంది, ఆ ప్రాసెస్ అంతా నెమ్మదిగా జరుగుతుంది.

రుచి కూడా అక్కడే ఉంది. ఏటీపీ విరిగి విరిగి మధ్యలో ఐఎంపీ అనే పదార్థం అవుతుంది. 1908లో కికునాయె ఇకెదా సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్ తీసి దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఆయన శిష్యుడు షింతారో కొదామా 1913లో ఎండబెట్టిన బొనీటో చేపలో ఉమామి ఇచ్చేది ఐనోసినిక్ యాసిడ్ అని చూపించాడు. అదే ఐఎంపీ. అది ఇంకా విరిగితే రుచి పోయి చివరికి చేదు వైపు వెళుతుంది. 1959లో సైతో, అరాయ్, మత్సుయోషి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ విరుగుడు ఎంత దూరం వెళ్లిందో కొలిచి, చేప తాజాదనానికి ఒక నంబర్ ఇవ్వొచ్చన్నారు. దాన్నే కె వ్యాల్యూ అంటారు. అకాషి జాలర్ల చేతికి ఎప్పటినుంచో తెలిసినదానికి ల్యాబ్‌లో అప్పుడు లెక్క దొరికింది.

మన ఇళ్లలో కూడా చేపల పులుసు మర్నాడే బాగుంటుందంటారు కదా. అది వేరు. మన దగ్గర ముక్కకి పులుసు పడుతుంది. జపాన్ వాళ్లు ఇకెజిమే చేసిన పచ్చి చేపనే ఒకటి రెండు రోజులు చల్లగా ఉంచి, ఐఎంపీ పెరిగాక తింటారు. 'ఇప్పుడే చచ్చిన చేపే గొప్ప రుచి' అనేది వాళ్ల లెక్కలో పూర్తిగా నిజం కాదు.

జపాన్ వాళ్లు మాత్రమే చేప రక్తం గురించి ఆలోచించారా? కాదు. యూరప్‌లో 14వ శతాబ్దంలో బీర్‌ఫ్లీట్ అనే ఊరి జాలరి విల్లెం బ్యూకెల్‌సూన్ పేరు చెప్తారు. హెర్రింగ్ చేప గొంతు దగ్గర చిన్న కత్తితో మొప్పలు, పేగులో కొంత భాగం లాగేసి, రక్తం కార్చి, ఉప్పేసి పీపాల్లో పెట్టే పద్ధతి ఆయనదని ప్రతీతి. దాంతో హెర్రింగ్ నెలల తరబడి నిలవుండేది, పడవలు సముద్రంలో ఎక్కువ రోజులు ఉండగలిగేవి. 1556లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఆయన సమాధి చూడ్డానికి వెళ్లాడు. చేప కోసిన మనిషి సమాధికి చక్రవర్తి! 1600ల మొదట్లో మన మచిలీపట్నంలో దిగిన డచ్చివాళ్లు వీళ్లే. ఆమ్‌స్టర్‌డామ్ హెర్రింగ్ ముళ్ల మీద కట్టిన ఊరు అని వాళ్లే చెప్పుకుంటారు. ఓడలు కట్టడం, డబ్బు కూడబెట్టడం నేర్చుకున్న వ్యాపారాల్లో ఉప్పు హెర్రింగ్ ఒకటి.

కానీ తేడా గమనించండి. డచ్చివాళ్లు రక్తం తీశారు, మెదడు జోలికి పోలేదు. వాళ్లకి కావాల్సింది నిలవ. జపాన్‌లో పచ్చిగా తింటారు కాబట్టి వాళ్లకి కావాల్సింది కండ. ఒకే సరుకు, రెండు అవసరాలు, రెండు కత్తిగాట్లు.

20వ శతాబ్దంలో ఈ పద్ధతికి రెక్కలొచ్చాయి, నిజంగానే. 1970ల్లో జపాన్ నుంచి కెమెరాలు, ఎలక్ట్రానిక్స్ మోసుకుని అమెరికా వైపు వెళ్లిన కార్గో విమానాలు ఖాళీగా తిరిగొచ్చేవి. తిరుగు ప్రయాణంలో ఏం నింపాలా అని వెతికిన జపాన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి అకిరా ఒకజాకి కంటికి కెనడా బ్లూఫిన్ ట్యూనా కనిపించింది. అప్పటికి అక్కడ దాన్ని సరదాగా గాలంతో పట్టి, ఫొటో దిగి, పారేసేవాళ్లు కూడా ఉన్నారు. 1972 ఆగస్టు 14న కెనడా ట్యూనా త్సుకిజి వేలంలో అమ్ముడైంది. ట్యూనాకి ఒంటి వేడి ఎక్కువ. పోరాడుతూ చస్తే ఆ వేడికి కండ పాలిపోయి, పుల్లబడి, ఉడికినట్టు అయిపోతుంది. కాబట్టి పచ్చిగా తినే మార్కెట్‌కి పంపాలంటే పట్టినచోటే వెంటనే చంపాలి, రక్తం తీయాలి, చల్లార్చాలి. సముద్రాలకి అవతలి జాలర్లు కూడా ఆ పని నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పటిదాకా నేను చెప్పినదాంట్లో ఒక మాట రాలేదు, గమనించారా? జాలి. ఇవాళ ఇంటర్నెట్‌లో ఇకెజిమేని 'దయగల పద్ధతి' అని చెప్తుంటారు. చరిత్ర చూస్తే అది పుట్టింది రుచి కోసం, రేటు కోసం. చేప బాధ తగ్గడం పక్కనుంచి వచ్చిన లాభం.

మరి చేపకి నిజంగా బాధ ఉందా? 2003లో లిన్ స్నెడ్డన్ బృందం రెయిన్‌బో ట్రౌట్ తలలో, మూతి దగ్గర, దెబ్బకీ వేడికీ రసాయనానికీ స్పందించే నొప్పి నరాలున్నాయని చూపించింది. అది మనిషి పడే బాధ లాంటిదేనా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ అంతకుముందు 1991లో బ్రిటన్‌లో జరిగిన ఇంకో ప్రయోగం నన్ను ఎక్కువ ఆపేసింది. ట్రౌట్‌ని నీళ్లలోంచి తీసి, దాని మెదడు వెలుగుకి స్పందించడం ఎప్పుడు ఆగుతుందో కొలిచారు. 20 డిగ్రీల దగ్గర 2.6 నిమిషాలు. 14 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు. 2 డిగ్రీల దగ్గర 9.6 నిమిషాలు. మళ్లీ వినండి. చల్లగా ఉంటే తొందరగా పోవట్లేదు, ఇంకా ఎక్కువసేపు పడుతోంది. ఐసులో వేస్తే హాయిగా నిద్రపోయినట్టు పోతుంది అని మనం అనుకునేదానికి ఇది రివర్స్.

చట్టాలు కూడా చేప దగ్గరకొచ్చేసరికి మెత్తబడతాయి. అమెరికాలో 1958లో వచ్చిన, పశువుల్ని బాధ లేకుండా వధించాలనే చట్టం చేపకి వర్తించదు. యూదుల, ముస్లింల ఆహార నియమాల్లో జంతువుని కోయడానికి వివరమైన పద్ధతి ఉంది, చేపకి ఆ కోత అక్కర్లేదు. మన 1960 జంతు హింస నివారణ చట్టంలో మాత్రం జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా సరే. అంటే చేప కూడా. తిండి కోసం చంపడానికి మినహాయింపు ఉంది, కానీ అనవసరమైన బాధ పెట్టనంతవరకే. రూల్ పుస్తకంలో ఉంది. ఆదివారం మార్కెట్‌లో దాన్ని ఎవరూ గుర్తుచేయరు, అంతే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చేపల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశే నంబర్ వన్. కైకలూరు, భీమవరం, ఆకివీడు చెరువుల నుంచి శీలావతి, బొచ్చె ఐసు నింపిన ట్రేలలో లారీలెక్కి బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల దాకా పోతాయి. టన్నుల లెక్కన వల లాగే చోట ఒక్కో చేపకి మేకు పట్టుకుని కూర్చోవడం అయ్యే పని కాదు. ఆ పని చేసేవాళ్లని తప్పు పట్టడానికి నేను ఈ ఎపిసోడ్ చేయట్లేదు. మోకాళ్లలోతు బురదలో తెల్లవారుజామున నిలబడే పని అది.

కానీ కొర్రమేను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప, బతికుంటేనే రేటు. అది గాలి కూడా పీల్చగలదు కాబట్టి నీళ్లు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది. హైదరాబాద్‌లో టబ్బులోంచి తీసి అమ్మేటప్పుడు అక్క 'కొట్టేయనా బాబూ?' అని అడుగుతుంది. తల మీద కట్టెతో ఒక్క దెబ్బ. ఆ దెబ్బ గట్టిగా, సరైన చోట పడితే అది ఇకెజిమే మొదటి స్టెప్పుకి దగ్గర బంధువే. నార్వే సాల్మన్ ఫారాల్లో మెషీన్లు చేసే పని కూడా ఇదే: కరెంటుతోనో తల మీద దెబ్బతోనో స్పృహ తప్పించి, ఆ తర్వాత మొప్పలు కోయడం. ఘోరం ఎక్కడంటే, రష్‌లో దెబ్బ సగం పడి, చేప ఇంకా కదులుతుండగానే పొలుసు గీకడం మొదలైనప్పుడు.

ఇదే నేను మొదట్లో చెప్పిన ముక్క. ఈసారి వెళ్లినప్పుడు 'అక్కా, ముందు తల మీద గట్టిగా ఒకటి వేసి, మొప్ప కోసి రక్తం పోనిచ్చి, తర్వాత పొలుసు తియ్యి' అని అడగండి. అరనిమిషం ఎక్కువ పడుతుంది. అడగడానికి మొహమాటపడకండి, ముక్కల సైజు గురించి ఐదు నిమిషాలు బేరమాడే జనమే కదా మనం. మీకూ లాభమే. మిగిలిపోయిన రక్తం వల్ల నీచు వాసన పెరుగుతుంది. ఉప్పు, పసుపు వేసి నాలుగుసార్లు కడిగేది దాని కోసమే. సముద్రపు చేపకి వచ్చే ఆ వాసనలో అమీన్లు ఉంటాయి, చింతపండు పులుపు వాటిని అణిచేస్తుంది. మన నాయనమ్మలకి ఆ కెమిస్ట్రీ పేరు తెలియదు, పని తెలుసు.

ఇప్పుడు జపాన్‌లో ఏం జరుగుతోంది? మియాజాకి ప్రాంతంలో మిత్సుహిరో త్సుమోతో అనే చేపల వ్యాపారి, చచ్చిన చేప రక్తనాళాల్లోకి గొట్టంతో నీళ్లు ఎక్కించి రక్తం పూర్తిగా కడిగేసే పద్ధతిని యూట్యూబ్‌లో చూపించి ఫేమస్ అయ్యాడు. ఒకప్పుడు చేతి నుంచి చేతికి వచ్చిన విద్య ఇప్పుడు ఫోన్‌లో వస్తోంది. అమెరికాలో షింకే సిస్టమ్స్ అనే స్టార్టప్ పడవ మీద పెట్టే రోబో తయారుచేస్తోంది. కెమెరాతో చేపని చూసి, మెదడు ఎక్కడుందో కంప్యూటరే గుర్తుపట్టి పోటు వేస్తుంది. ఒక ఇంజినీర్‌గా నాకు ఇది ఇంట్రెస్టింగ్. ఎందుకంటే ఇకెజిమే అసలు సమస్య ఎప్పుడూ స్కేలే. ఏటా సముద్రాల్లోంచి పట్టే చేపల సంఖ్య 1.1 నుంచి 2.2 లక్షల కోట్ల మధ్య ఉంటుందని పరిశోధకుల అంచనా. వాటిలో ఆ ఒక్క పోటు దొరికేది చాలా కొద్దిటికి.

చివరిగా ఒక చోటు గురించి చెప్పి ముగిస్తా. త్సుకిజి మార్కెట్ 2018 అక్టోబర్‌లో తొయొసుకి మారిపోయింది. పాత మార్కెట్ పక్కన నమియోకె ఇనారి అనే గుడి ఇంకా అక్కడే ఉంది. ఆ ఆవరణలో చేపల వ్యాపారులు, సుషీ వాళ్లు నిలబెట్టిన రాళ్లున్నాయి. సుషీకి ఒకటి, రొయ్యకి ఒకటి, బతికుండగా తెచ్చిన చేపలకి ఒకటి. తమ చేతుల్లో పోయిన ప్రాణాలకి కృతజ్ఞతగా పెట్టుకున్నవి. ముందు నేను ఈ పద్ధతి జాలి నుంచి పుట్టలేదు అన్నాను, ఆ మాట మీదే ఉన్నా. కానీ ఒక పని వందల ఏళ్లు శ్రద్ధగా చేస్తే, చేసేవాడి కళ్లు ఎదుటి ప్రాణాన్ని చూడకుండా ఉండలేవేమో అని ఆ రాళ్ల గురించి చదివినప్పుడు అనిపించింది. చేప తినడం మానమని నేను చెప్పట్లేదు, నేనూ మానలేదు. తింటున్నప్పుడు అది ఎలా పోయిందో తెలుసుకోవడం మాత్రం మనం చేయగలిగిన పని.

మీ ఊళ్లో చేపని ఎలా చంపుతారు, ఎలా శుభ్రం చేస్తారు, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్పేవాళ్లు? కామెంట్లలో రాయండి, ముఖ్యంగా గోదావరి జిల్లాలు, విశాఖ తీరం వాళ్లు. నచ్చితే చేప తినే ఫ్రెండ్ ఒక్కరికైనా పంపించండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.